ఫిట్స్ సరే... ఒంట్లో రక్తం సంగతేమిటి?

జ్వరంతో ఫిట్స్ వచ్చిన బిడ్డను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు మన ఇళ్లల్లో తప్పకుండా జరిగేది ఒకటుంది. విచారణ. ముద్దాయి తల్లి. ‘జ్వరం వచ్చిందని నీకు తెలీనే తెలీదా?’, ‘రాత్రి ఒళ్లు పట్టుకుని చూడలేదా?’, ‘మందు ఎన్నింటికి వేశావు?’, ‘నిన్న తలంటు ఎందుకు పోశావు?’... అత్తగారు, ఆడపడుచు, పక్కింటి పెద్దావిడ, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మొగుడు, అందరూ ప్లీడర్లే. అసలే బిడ్డ కళ్లు తేలేసి కొయ్యబారిపోవడం కళ్లారా చూసి సగం చచ్చి ఉన్న ఆ పిల్ల ఏం సమాధానం చెబుతుంది? నాదే తప్పేమోననుకుని నోరు మూసుకుంటుంది.

తప్పు ఆమెది కాదని గట్టిగా చెప్పాలని నాకెప్పటినుంచో ఉంది. దాంతోపాటు ఇంత విచారణలోనూ ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. అది కూడా అడగాలి. ఆ బిడ్డ ఒంట్లో రక్తం ఎంతుంది?

మందు ఆలస్యమైనందుకేనా?

ముందు ఫిట్స్ సంగతి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయి. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఇది ఎక్కువ. చాలామందిలో జ్వరం మొదలైన తొలి రోజే వచ్చేస్తాయి. కొందరు బిడ్డల్లో ఫిట్స్ వచ్చాకే ఒళ్లు కాలుతున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ఇక తల్లి ఏ మందు ఎన్నింటికి వెయ్యాలి, చెప్పండి!

అంతేకాదు. జ్వరం మందు గడియారం చూసి వేసినా ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపగలమన్న భరోసా లేదు. ఒకసారి ఫిట్స్ వచ్చిన 231 మంది పిల్లల మీద ఫిన్లాండ్‌లో పరిశోధన చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత వచ్చిన జ్వరాల్లో కొందరికి జ్వరం మందులు, కొందరికి మందులేని ఉత్తుత్తి డోసులు ఇచ్చి చూశారు. ఫిట్స్ రావడంలో తేడా కనిపించలేదు. పారాసిటమాల్ వేయాల్సిందే, కాదనను. ఒళ్లు నొప్పులు తగ్గి బిడ్డ కాస్త తేరుకుని నాలుగు ముద్దలు తింటుంది. అంతే తప్ప అరగంట ఆలస్యమైందని తల్లిని ఉరితీయడానికి అది ఆధారం కాదు.

జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తెలివితేటలకు లోటు రాదు. ముగ్గురిలో ఒకరికి ఇంకో జ్వరంలో మళ్లీ రావచ్చు. పెద్దయ్యాక మూర్ఛవ్యాధిగా మారే అవకాశం మిగతా పిల్లలకంటే ఏ కాస్తో ఎక్కువ, అంతే.

ఆ రెండు మూడు నిమిషాలూ మనవాళ్లు చేసే హడావుడి మాత్రం అంతా ఇంతా కాదు. చేతిలో తాళాల గుత్తి పెడతారు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపిస్తారు. పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. నోట్లో నీళ్లు పోస్తారు. కొన్ని ఊళ్లలో వాతలు కూడా పెట్టేవారు. ఇవేవీ వద్దు. బిడ్డను నేల మీదో మంచం మీదో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఒకరు గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆగిపోయినా సరే, మొదటిసారి అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. బిడ్డకు ఆరు నెలలు నిండకపోయినా, మెడ బిగుసుకుపోయినా, ఎంతసేపటికీ సరిగ్గా మెలకువ రాకపోయినా, ఒకే రోజులో మళ్లీ వచ్చినా అది మామూలు ఫిట్స్ అనుకోకూడదు. మెదడువాపు లాంటివి కావని డాక్టర్లే తేల్చాలి.

ఫైల్లోనే ఉన్న అంకె

ఇప్పుడు నేను అడుగుతానన్న ప్రశ్న. మా వీధిలో పదిహేను నెలల బాబు ఉన్నాడు. వాళ్లమ్మ నన్ను పిన్నీ అని పిలుస్తుంది. వాడికి జలుబు జ్వరంతో ఫిట్స్ వస్తే పట్నంలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడు రోజులు ఉంచుకున్నారు. మెదడు స్కానింగ్ తీశారు. తలకు తీగలు పెట్టి ఈఈజీ తీశారు. అన్నీ నార్మల్. మామూలుగా వచ్చి ఆగిపోయిన ఫిట్స్‌కు ఆ రెండు పరీక్షలూ అక్కర్లేదని పిల్లల డాక్టర్ల మార్గదర్శకాలే చెబుతాయి. పోనీ, భయంలో ఉన్న తల్లిదండ్రులు ఖర్చుకు వెనకాడరనుకోండి.

పలకరించడానికి వెళ్లినప్పుడు వాళ్లత్తగారు, ‘చూశావా వదినా, ఎంత డబ్బు పోసినా ఏం లేదన్నారు. దిష్టే. మావాడు తెల్లగా బొద్దుగా ఉంటాడు కదా, అందరి కళ్లూ వాడి మీదే’ అంది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. స్కానింగ్ ఫిల్ముల అడుగున రక్తపరీక్ష కాగితం ఒకటుంది. హిమోగ్లోబిన్ 7.6. ఆ వయసు బిడ్డకు 11 గ్రాములైనా ఉండాలి. డిశ్చార్జి కాగితం మీద దాని ఊసే లేదు. ఐరన్ మందు రాయలేదు. ‘రక్తం తక్కువుందని ఎవరైనా చెప్పారా అమ్మా?’ అంటే, ‘లేదు పిన్నీ, ఫిట్స్ మళ్లీ రావచ్చు, జ్వరం రానివ్వకండి అన్నారు’ అంది. జ్వరం రానివ్వకుండా చూడటం ఎవరి తరం!

ఆ బాబు తెలుపు ఆరోగ్యంతో వచ్చిన తెలుపు కాదు. పాలిపోవడం. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా లేదు. అరచేతులు కాగితంలా ఉన్నాయి. మన మురిపెంలో ఉన్న చిక్కే ఇది. రక్తం లేని బిడ్డను చూసి ‘ఎంత తెల్లగా ఉన్నాడో’ అంటాం.

సంబంధం ఉందా, లేదా?

ఫిట్స్‌కూ రక్తహీనతకూ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. ఒంట్లో ఇనుము తగ్గితే రక్తం ఎరుపు తగ్గడం ఒక్కటే కాదు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు చేరవేసే రసాయనాల తయారీకి ఇనుము కావాలి. నరాల మీద పొర ఏర్పడటానికీ కావాలి. అది చాలనప్పుడు జ్వరం తాకిడికి మెదడు తొందరగా లొంగిపోతుందేమోనని శాస్త్రజ్ఞుల ఊహ. ఇటలీలో నేపుల్స్ డాక్టర్లు రెండేళ్ల లోపు పిల్లలను పరిశీలించి 1996లో రాసిన వ్యాసంలో, ఫిట్స్ వచ్చినవాళ్లలో నూటికి 30 మందికి ఇనుము లోపంతో రక్తహీనత ఉందని, ఫిట్స్ లేకుండా జబ్బుతో ఆస్పత్రికి వచ్చినవాళ్లలో 14 మందికే ఉందని చూపించారు. కెనడాలో 2009లో వచ్చిన పరిశోధనలో జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లల్లో ఇనుము లోపం ఉత్త జ్వరంతో వచ్చిన పిల్లలకు దాదాపు రెట్టింపు. మన దేశంలో, పాకిస్తాన్‌లో చేసిన పరిశీలనల్లోనూ చాలావరకు ఇదే మాట. సంబంధం కనిపించలేదన్నవీ ఉన్నాయి. ఒకటి రెండు తద్విరుద్ధంగా కూడా చెప్పాయి. కాబట్టి ఐరన్ మందు తాగిస్తే ఫిట్స్ రావని నేను రాయను. అలా రాస్తే అది కూడా తాయెత్తు కట్టినట్టే అవుతుంది.

నా వాదన వేరు. ఫిట్స్ వచ్చే వయసూ, ఒంట్లో ఇనుము అడుగంటే వయసూ ఒకటే. తల్లి కడుపులో చివరి మూడు నెలల్లో దాచుకున్న ఇనుము బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలల దాకా వస్తుంది. ఆ తర్వాత తిండి నుంచి రావాల్సిందే. ఫిట్స్‌కు కారణం అదైనా కాకపోయినా, ఇనుము లేని బిడ్డ మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. ఆడుకోదు, తినదు, చిరాకు, మాటిమాటికీ జబ్బు. ఫిట్స్ పుణ్యమా అని బిడ్డ డాక్టరు చేతికి చిక్కింది. సూది ఎలాగూ గుచ్చారు. ఆ అంకె చూసి మందు రాయడానికి అడ్డేమిటి?

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2011 మార్గదర్శకాల్లో మామూలు ఫిట్స్‌కు రక్తపరీక్షలు తప్పనిసరి కాదని ఉంది. మన డాక్టర్లలో కొందరు దాన్నే చెబుతారు. బాగానే ఉంది. కానీ అదే సంఘం ఏడాది వయసులో ప్రతి బిడ్డకూ రక్తహీనత పరీక్ష చేయమంటుంది. అక్కడ ఫిట్స్‌తో వచ్చే బిడ్డకు ఆ పరీక్ష ముందే అయిపోయి ఉండాలి. మన దగ్గర ఏడాది బిడ్డకు హిమోగ్లోబిన్ చూసేదెవరు? తట్టు టీకా వేసి పంపేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద నూటికి 67 మందికి. తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. వేలి చుక్కతో చేసే ఆ పరీక్ష కాస్త ఎక్కువ చూపిస్తుందని వాదించేవాళ్లున్నారు. సరే, 2016-18లో నరం నుంచి రక్తం తీసి చేసిన సమగ్ర పోషకాహార సర్వే లెక్కే తీసుకుందాం. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో నూటికి 41 మంది. అది మాత్రం తక్కువా? అక్కడి సలహాను ఇక్కడికి సగం మాత్రమే తెచ్చుకోవడం నాకు నచ్చదు.

పాలసీసా చేసే పని

నూటికి 41 మంది ఎలా అయ్యారంటే, కారణాల్లో కొన్ని మన వంటింట్లోనే ఉన్నాయి. ‘అన్నం ముట్టడు గానీ, పాలు మాత్రం లీటరు తాగుతాడు’ అని గర్వంగా చెప్పుకునే తల్లులు, నాయనమ్మలు ఎంతమందో! లీటరు ఆవుపాలల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా ఆ పాలు మిగతా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కడుపు నిండిపోతుంది కాబట్టి అన్నం మీదికి మనసు పోదు. ఏడాది లోపు పసివాళ్లకైతే ఆవుపాలతో పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం పోవచ్చు కూడా. తల్లిపాల సంగతి వేరు, రెండేళ్ల దాకా ఇవ్వండి. డబ్బాపాలైనా, ప్యాకెట్ పాలైనా, గేదెపాలైనా ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించొద్దు. అదీ గ్లాసుతో. సీసాతో వద్దు.

అన్నప్రాశన ఆరో నెలలో చేసి, ఆ తర్వాత పళ్లు రాలేదని పదో నెల దాకా పాలమీదే ఉంచే ఇళ్లు నేను చూశాను. ఇంకొన్ని ఇళ్లల్లో పెరుగన్నం తప్ప ఏదీ పెట్టరు. బిస్కెట్టు ముంచి టీ తాగించేవాళ్లున్నారు. టీ ఉన్న ఇనుమును కూడా పట్టి ఉంచేస్తుంది. బలపాలు, మట్టి, సున్నం పెళ్లలు తినే బిడ్డను కొట్టి లాభం లేదు. చాలాసార్లు అది ఇనుము లోపానికి గుర్తు.

ఏం పెట్టాలంటే... మాంసం తినే ఇంట్లో మెత్తగా ఉడికించిన కార్జం, కైమా, చేప. వీటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తినని ఇంట్లో పప్పులు, తోటకూర, మొలకెత్తించి దంచిన రాగుల జావ. వాటి మీద నాలుగు చుక్కల నిమ్మరసం, లేదా పక్కన జామపండు ముక్క. పులుపు తోడుంటే ఆకుకూరల ఇనుము కాస్త ఎక్కువ పడుతుంది. టమాటా పప్పు ఇనప మూకుడులో వండితే ఇంకా మంచిది. నాన్‌స్టిక్ వచ్చాక మన మూకుళ్లన్నీ అటకెక్కాయి, దించండి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనుకోవద్దు. అందులో ఉన్న ఇనుము బహు స్వల్పం. బెల్లం కూడా అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల బెల్లానికి నాలుగున్నర మిల్లీగ్రాములకు కాస్త పైన ఉంది. వంద గ్రాముల బెల్లం పసిబిడ్డ తింటుందా? చెంచాడు బెల్లంతో వచ్చేది పావు మిల్లీగ్రాము.

రక్తహీనత ముదిరాక తిండి ఒక్కటే చాలదు. డాక్టరు బిడ్డ బరువును బట్టి రాసిన మందు వాడాల్సిందే. ఇక్కడే మనవాళ్లు పది రోజులకు సీసా పక్కన పెట్టేస్తారు. విరేచనం నల్లగా అయిందని, పళ్ల మీద మచ్చ పడిందని, వేడి చేసిందని. నలుపు సహజం. పళ్లకు తగలకుండా దవడ పక్కన పోసి తర్వాత నీళ్లు తాగిస్తే చాలు. పాలతో కలిపి ఇవ్వొద్దు. అంకె 11 దాటిన తర్వాత కూడా రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ చేరుతుంది.

జబ్బు లేని పిల్లలకు కూడా ప్రభుత్వం 2018 నాటి ‘అనీమియా ముక్త్ భారత్’ కింద వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు సిరప్ ఇస్తోంది. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆశా కార్యకర్త తెచ్చిచ్చిన ఆ యాభై మిల్లీలీటర్ల సీసా ఎన్ని ఇళ్లల్లో ఫ్రిజ్ మీద మూత తీయకుండా ఉందో! ఊరికే ఇచ్చేది కాబట్టి మంచిది కాదనుకుంటాం. అదే మందు రంగురంగుల అట్టపెట్టెలో కొంటే నమ్ముతాం. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. తలసీమియా ఉన్న పిల్లలకు, బాగా చిక్కిపోయిన పిల్లలకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. తలసీమియాలోనూ రక్తకణాలు చిన్నవిగానే కనిపిస్తాయి. మందు వాడినా నెలరోజుల్లో అంకె కదలకపోతే ఆ దిశగా చూడమని డాక్టరుగారికి మీరే గుర్తు చేయండి. ఇనుము నిల్వ చూసే ఫెరిటిన్ పరీక్ష జ్వరంలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు చేయించడం నయం.

మళ్లీ తల్లి మీదికేనా?

ఇదంతా చదివి ‘చూశావా, నువ్వు సరిగ్గా పెట్టకే పిల్లాడికి రక్తం తగ్గింది’ అని కొత్త కేసు పెట్టేవాళ్లుంటారని నాకు తెలుసు. అందుకే ఇంకో లెక్క చెబుతాను. అదే 2019-21 సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. గర్భిణుల్లో 52 మందికి. తానే ఎండిపోయిన చెరువు పిల్లకాలువకు ఏమిస్తుంది? అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూరతో తినేది ఆమె. నెలనెలా రక్తం పోయేది ఆమెకు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడాది తిరగని ఇంట్లో బిడ్డ రక్తానికి జవాబు చెప్పాల్సింది తల్లి ఒక్కతేనా? కార్జం తెచ్చేది, తెస్తే ఎవరి కంచంలో వెయ్యాలో శాసించేది, ప్రసవమయ్యాక ఐరన్ మాత్రలు ‘ఇంకెందుకు’ అని మాన్పించేది ఎవరు? పురిటి గదిలో బొడ్డుతాడు ఒక్క నిమిషమైనా ఆగి కోస్తే బిడ్డకు మాయ నుంచి మరికొంత రక్తం, దాంతో ఇనుము అందుతాయి. అది తల్లి చేతిలో ఉన్నదా?

ఇక ఆడపిల్ల అయితే ఇంకో బాధ. ‘ఫిట్స్ అని ఎక్కడా అనకండి, రేపు పెళ్లి కావాలి’ అంటారు. ఏడాదిన్నర పిల్లకు పెళ్లి బెంగ! ఆ భయంతో మళ్లీ వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లరు, కాగితాలు చింపేస్తారు, రక్తపరీక్ష మాట దేవుడెరుగు. జ్వరంతో వచ్చే ఫిట్స్, మూర్ఛవ్యాధి ఒకటి కాదు. అయినా మూర్ఛవ్యాధి ఉంటే పెళ్లి చెల్లదనే మాటను కూడా హిందూ వివాహ చట్టం నుంచి, ప్రత్యేక వివాహ చట్టం నుంచి 1999లో తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా మన నోళ్లు మారలేదు.

ఫిట్స్‌తో వచ్చిన బిడ్డ ఇంటికి వెళ్లే ముందు డాక్టర్లను నేను కోరేది పెద్దదేం కాదు. డిశ్చార్జి కాగితం మీద ఫిట్స్ పక్కనే హిమోగ్లోబిన్ అంకె వేయండి. తక్కువుంటే మందు, మళ్లీ పరీక్ష తేదీ రాయండి. తండ్రిని కూడా కూర్చోబెట్టి చెప్పండి. డాక్టరు చెప్పకపోతే మనమే అడగాలి, ‘మా బిడ్డకు రక్తం ఎంతుందండీ?’ అని. అదే రోజు, అదే ల్యాబులో తల్లి కూడా చెయ్యి చాపాలి.

ఆమెకు మాత్రలు రాస్తే అవి ఫ్రిజ్ మీదో కిటికీలోనో పెట్టకండి. పెద్దల ఐరన్ మాత్రలు జెమ్స్ బిళ్లల్లా ఉంటాయి. నాలుగైదు మింగినా పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. బీరువాలో, తాళం వేసి పెట్టండి.